పరిశోధన నుంచి జీవో దాకా: వారధి సంస్థ పని మెట్టు మెట్టుగా (చిత్తూరు ఏనుగుల సమస్య ఉదాహరణగా)

తిరుపతిలో పరిశోధనకు కొదవ లేదు. 1954 నాటి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, స్విమ్స్ వైద్య సంస్థ, వెటర్నరీ యూనివర్సిటీ, వ్యవసాయ పరిశోధనా స్థానం ఉన్నాయి. 2015లో ఐఐటీ, సైన్సు పరిశోధనా విద్యాసంస్థ ఐసర్ కూడా వచ్చాయి. అయినా కలెక్టరేట్‌లో ఏదైనా నిర్ణయం జరిగే రోజున అధికారి బల్ల మీద వీటి తాలూకు కాగితం కనిపించడం తక్కువ. ప్రొఫెసర్లకు పట్టదని, అధికారులు చదవరని ఇద్దరి మీదా నింద వేస్తారు కానీ అసలు చిక్కు తీరికలో ఉంది. పరిశోధకుడి గడువు మూడేళ్లు, అధికారి గడువు శుక్రవారం సాయంత్రం.

ఈ మధ్యలో పనిచేసేవే వారధి సంస్థలు. సొంతంగా పరిశోధన చేయడం వాటి ముఖ్యమైన పని కాదు, ప్రభుత్వం తరఫున నిర్ణయాలూ తీసుకోవు. ఉన్న ఆధారాల్ని వెతికి, తూకం వేసి, నిర్ణయం జరిగే సమయానికి నిర్ణయించే మనిషికి అర్థమయ్యేలా అందిస్తాయి. ఒక ఎన్జీఓలోనో, యూనివర్సిటీ విభాగంలోనో ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే వాళ్ల కోసం ఈ మార్గదర్శి.

మనకు దగ్గర్లో ఈ పని చేస్తున్నవాళ్లు

చిత్తూరు వాళ్లకి పెద్ద జబ్బు చేస్తే గుర్తొచ్చేది వేలూరు సీఎంసీ. వైద్య పరిశోధనలన్నిటినీ జల్లెడ పట్టి ఏ చికిత్స పనిచేస్తుందో తేల్చే కొక్రేన్ సంస్థ 1993లో ఇంగ్లండులో మొదలైతే, దాని దక్షిణాసియా కేంద్రం ఆ సీఎంసీలోనే ఏర్పడింది. పేదరిక నిర్మూలన పథకాల్ని పరీక్షించే జేపాల్ 2003లో అమెరికాలోని ఎంఐటీలో పుట్టింది. దాని దక్షిణాసియా విభాగం చెన్నై కేంద్రంగా పెరిగి, 2014లో తమిళనాడు ప్రభుత్వంతో నేరుగా ఒప్పందం చేసుకుంది. కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖలో కొత్త మందులు, పరికరాలు పెట్టిన ఖర్చుకు తగినవేనా అని తేల్చే విభాగం కూడా ఉంది. కృషి విజ్ఞాన కేంద్రాలు మనందరికీ తెలిసినవే కానీ, అవి పరిశోధనను రైతు దగ్గరికి చేరుస్తాయి. సెక్రటేరియట్ వైపు చేర్చే పని వేరు, దాని పద్ధతులు వేరు.

ఈ పద్ధతులు గాల్లో చెబితే అర్థం కావు. అందుకే పలమనేరు, కుప్పం ప్రాంతపు ఏనుగుల సమస్యను ఉదాహరణగా పెట్టుకుందాం. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం, 2003లో రాయల ఏనుగుల రిజర్వు ఏర్పడ్డాయి. అప్పటి నుంచీ పంటలు పోతూనే ఉన్నాయి, మనుషులూ ఏనుగులూ చనిపోతూనే ఉన్నారు.

మొదటి మెట్టు: నిర్ణయం ఎవరి చేతిలో ఉందో తేల్చుకోండి

చాలామంది నివేదిక రాసి, దాన్ని ఎవరికిద్దామా అని తర్వాత ఆలోచిస్తారు. ఇది తలకిందుల పద్ధతి. ముందు నిర్ణయాన్ని వెతకాలి. ఏ నిర్ణయం రాబోతోంది, ఎప్పుడు, ఎవరి సంతకంతో అన్నది తెలిశాకే ఆధారాల జోలికి వెళ్లాలి.

ఏనుగుల విషయమే చూడండి. పంట నష్టపరిహారం రేటు మారాలంటే రాష్ట్ర స్థాయిలో జీవో కావాలి, దానికి ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. ఇప్పుడున్న రేటుకే దరఖాస్తులు త్వరగా కదలాలంటే డీఎఫ్‌ఓ (అటవీ డివిజన్ అధికారి), కలెక్టర్ స్థాయిలో చాలావరకు సర్దుకోవచ్చు. పొలాల ఫీడర్లకు ఏ వేళల్లో కరెంటు ఇవ్వాలన్నది అటవీ శాఖ పని కానే కాదు, అది కరెంటు పంపిణీ సంస్థ ఎస్‌పీడీసీఎల్ పని. దాని ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. ఊరి పక్కన గుంపు దిగిందని మైకులో చెప్పించడానికి పంచాయతీ చాలు. సమస్య ఒకటే అయినా వెళ్లాల్సిన గుమ్మాలు నాలుగు. జిల్లాలో తేలే పనిని రాష్ట్ర సచివాలయం ఉన్న వెలగపూడి దాకా మోస్తే ఏడాది పోతుంది. వెలగపూడిలో తేలాల్సినదాన్ని కలెక్టర్‌కు ఇస్తే ఆయన మర్యాదగా తీసుకుని పైకి పంపిస్తారు, అంతే.

ఆ తర్వాత తేదీలు. రాష్ట్ర బడ్జెట్ మామూలుగా ఫిబ్రవరి, మార్చిలో సభకు వస్తుంది. శాఖలు తమ అంచనాలు తయారుచేసేది మాత్రం అంతకు కొన్ని నెలల ముందే. డబ్బుతో ముడిపడ్డ సిఫార్సు జనవరిలో తెచ్చారంటే అప్పటికే బస్సు వెళ్లిపోయినట్టు. కలెక్టర్ల సదస్సులు, శాసనసభ సమావేశాలు, శాఖ సమీక్షలు వీటన్నిటికీ ఒక క్యాలెండరు తయారుచేసి గోడకు తగిలించండి. నన్నడిగితే వారధి సంస్థ ఆఫీసులో కంప్యూటరు కన్నా ముందు ఉండాల్సింది ఇదే.

తేదీలు మన చేతిలో లేని సందర్భాలూ వస్తాయి. 2025 మే నెలలో కర్ణాటక 4 కుంకీ ఏనుగుల్ని (అడవి ఏనుగుల్ని తరమడానికి శిక్షణ పొందినవి) ఆంధ్రప్రదేశ్‌కి అప్పగించింది. పలమనేరు దగ్గర ముసలిమడుగు కుంకీ క్యాంపు వార్తల్లోకి వచ్చింది. శాఖ, పత్రికలు, నాయకులు అందరి దృష్టీ ఒక్కసారిగా ఈ సమస్య మీద పడింది. అలాంటి వారాల్లో చేతిలో సిద్ధంగా ఉన్న ఒక్క పేజీ, ఏడాది తర్వాత వచ్చే వంద పేజీల కన్నా ఎక్కువ పని చేస్తుంది. సమస్య వార్తల్లో లేనప్పుడే తయారీ పూర్తి చేసి పెట్టుకోవాలి.

రెండో మెట్టు: ప్రశ్నను విడగొట్టండి

అధికారిని అడిగితే "ఏనుగులు ఊళ్లోకి రాకుండా ఏం చేయాలి?" అంటారు. రైతునడిగినా అదే మాట. కానీ ఆ ఒక్క ప్రశ్నలో కనీసం నాలుగున్నాయి. పంట నష్టం ఎలా తగ్గించాలి? మనుషుల మరణాలు ఎలా తగ్గించాలి? కరెంటు తీగలు తగిలి ఏనుగులు చనిపోకుండా ఏం చేయాలి? నష్టపోయినవాడికి డబ్బు ఎంత త్వరగా చేరాలి? వీటికి జవాబులు వేరు, ఆధారాలు వేరు, బాధ్యత గల శాఖలు కూడా వేరు.

ప్రశ్న మారితే విధానం ఎంత మారిపోతుందో తమిళనాడులోని వాల్పారై చూపిస్తుంది. ఆనమలై కొండల్లో తేయాకు తోటల మధ్య ఏనుగులు తిరిగే చోటు అది. అక్కడ నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ పరిశోధకులు మరణాల వివరాలు ఒక్కొక్కటీ పరిశీలించారు. ఏనుగు దగ్గర్లో ఉందన్న సంగతి తెలియక ఎదురుపడటమే ఎక్కువ మరణాలకు కారణమని తేలింది. దాంతో "ఏనుగును ఎలా ఆపాలి" అన్న ప్రశ్న "మనిషికి ముందే ఎలా తెలియాలి" అని మారింది. ఫోన్లకు సందేశాలు, కేబుల్ టీవీలో అడుగున పరుగెత్తే అక్షరాలు, మొబైల్‌తో వెలిగించే ఎర్ర లైట్లు వచ్చాయి. అటవీ శాఖ, తోటల యజమానులు, కార్మికులు అందరూ అందులో భాగమయ్యారు. గోడలు, కందకాల కన్నా ఖర్చు తక్కువ, పైగా ఏనుగు దారికి అడ్డం లేదు.

ప్రశ్నను విడగొట్టే పనిని ఆఫీసులో కూర్చుని చేయకండి. ఫారెస్టు బీట్ ఆఫీసరుతో, రాత్రి కాపలా కాసే ట్రాకర్లతో, టమాటా రైతులతో, పట్టు పురుగులు పెంచేవాళ్లతో మాట్లాడాలి. మోటారు వేయడానికి రాత్రి పొలానికి ఎవరైనా వెళ్తున్నారా, వెళ్తే ఎందుకు, ఆ ఫీడరుకి త్రీఫేజు ఏ వేళల్లో వస్తోంది అని అడిగి చూడండి. జవాబు ఎటైనా రావచ్చు. వెళ్తున్నారని తేలితే మాత్రం మీరు కలవాల్సిన మొదటి అధికారి కరెంటు ఆఫీసులో ఉన్నట్టు.

మూడో మెట్టు: ఆధారాలు పోగు చేసి తూకం వేయండి

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది. పరిశోధనలో అలా కుదరదు. ఒక అధ్యయనంలో సోలార్ కంచె బాగా పనిచేసిందని ఉంటుంది, ఇంకోదాంట్లో రెండేళ్లకే మూలపడిందని ఉంటుంది. మనకు నచ్చినదాన్ని ఏరుకుని రాస్తే అది లాయరు వాదన అవుతుంది. అందుకే వెతకడానికి ముందే ఏం వెతకబోతున్నారో, ఎక్కడ వెతుకుతారో, ఏ రకం అధ్యయనాల్ని పక్కన పెడతారో కాగితం మీద రాసుకోండి. తర్వాత ఎవరైనా "ఇది ఎందుకు వదిలేశారు" అంటే చూపించడానికి అదే ఆధారం.

ప్రతి అధ్యయనాన్నీ కొన్ని ప్రశ్నలు అడగాలి. దేంతో పోల్చి చూశారు? కంచె వేసిన ఊళ్లలో నష్టం తగ్గిందంటే, వేయని ఊళ్లలో ఆ ఏడాది ఏం జరిగింది? ఒక ఊరికి అడ్డం పెడితే ఏనుగులు పక్క ఊరి మీద పడ్డాయా? ఎన్నేళ్లు చూశారు? డబ్బు ఎవరిచ్చారు? చివరిదాన్ని అడగడానికి మొహమాటపడతారు కానీ అడిగి తీరాలి.

ప్రభుత్వం దగ్గరున్న లెక్కలు కూడా ఆధారాలే. పరిహారం దరఖాస్తుల రిజిస్టరులో ఏ ఊళ్లో, ఏ నెలలో, ఏ పంట పోయిందో ఉంటుంది. శాఖను మర్యాదగా అడిగితే ఒక్కోసారి ఇస్తారు. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. అయితే రేపు మీరు కలిసి పనిచేయాల్సిన ఆఫీసు మీద ముందే ఆర్‌టీఐ వేయడం మంచిది కాదని నా అభిప్రాయం. దాన్ని చివరికి ఉంచుకోండి.

జిల్లా అంకెలతో ఒక చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా నుంచి కొంత తిరుపతి జిల్లాకి, కొంత అన్నమయ్య జిల్లాకి వెళ్లింది. తిరుపతిలో నెల్లూరు ప్రాంతాలు కూడా కలిశాయి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో "చిత్తూరు" అని ఉన్నది పాత జిల్లా. దాన్ని నేటి చిత్తూరు అంకెతో పక్కపక్కన పెట్టి "పెరిగింది, తగ్గింది" అని రాస్తే, సమావేశంలో ముఖ్య ప్రణాళికాధికారి ఒక్క ప్రశ్నతో నివేదికను పక్కన పెట్టించేస్తారు. వీలైనప్పుడల్లా మండలం వారీగా లెక్క కట్టండి.

నాలుగో మెట్టు: అక్కడిది ఇక్కడ పనిచేస్తుందా

వాల్పారైలో పనిచేసింది కదా అని పలమనేరులో పెట్టేయమని సిఫార్సు చేయకూడదు. అక్కడ కార్మికులు వరుసగా కట్టిన లైన్ల ఇళ్లలో గుంపుగా ఉంటారు, తోట యాజమాన్యం ఒక్కమాట చెబితే అందరికీ చేరుతుంది. ఇక్కడ చిన్న రైతులు, చెల్లాచెదురుగా పొలాలు, మూడు రాష్ట్రాల సరిహద్దు. ఏనుగు పొద్దున కర్ణాటకలో, సాయంత్రం మన వైపు ఉండొచ్చు. ఊళ్లలో తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడతారు, మరి సందేశం ఏ భాషలో వెళ్లాలి? గుంపు ఎక్కడుందో గమనించి చెప్పే మనిషికి జీతం ఎవరిస్తారు?

ఇలాంటప్పుడు ఆ ప్రయోగం ఎందుకు పనిచేసిందో ముందు గ్రహించాలి. ఎర్ర లైటులో మహిమ ఏమీ లేదు. నమ్మదగిన సమాచారం, బయటికి అడుగుపెట్టే ముందు, అవసరమైన మనిషికి చేరడం వల్ల అది పనిచేసింది. ఆ కారణాన్ని ఇక్కడికి తెచ్చుకుని, పరికరాన్ని మార్చుకోవచ్చు. గ్రామ సచివాలయం, గుడి మైకు, వాట్సాప్ గ్రూపు, వాయిస్ కాల్, ఏది చేరుతుందో అది.

ఐదో మెట్టు: ఒక పేజీ, మూడు పేజీలు, ఇరవై ఐదు పేజీలు

కెనడాలో ఆరోగ్య పరిశోధనా సంస్థలు వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది. 1 పేజీలో ముఖ్య విషయాలు, 3 పేజీల్లో సారాంశం, 25 పేజీల్లో పూర్తి నివేదిక. పై అధికారి మొదటిది చదువుతారు, ఆయన కింది అధికారి రెండోది, తప్పులు వెతకమని ఎవరికైతే పని అప్పగిస్తారో ఆ మనిషి మూడోది. ముగ్గురిలో ఎవరిది వాళ్లు చదివేట్టు రాయాలి.

ఆ ఒక్క పేజీలో అధ్యయన పద్ధతి గురించి రెండు వాక్యాలు మించొద్దు. మొదటి వాక్యంలోనే తీసుకోవాల్సిన నిర్ణయం ఉండాలి. తర్వాత రెండు మూడు మార్గాలు, ఒక్కోదానికి ఏడాది ఖర్చు, ఎవరు చేయాలి, ఏ ఆధారం ఎంత గట్టిది. "ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే" అన్నది కూడా ఒక మార్గంగా చూపించి దాని ఖర్చూ రాయండి. ఆధారం బలహీనంగా ఉన్నచోట బలహీనమనే రాయండి, నమ్మకం అక్కడే పుడుతుంది. "మరింత పరిశోధన అవసరం" అన్న వాక్యాన్ని మాత్రం కొట్టేయండి, అది చదివిన అధికారి ఫైలు మూసేస్తారు.

ఇంకో మాట. మీ పేజీలోని వాక్యాల్ని సెక్షన్‌లో కూర్చున్న ఉద్యోగి ఉన్నదున్నట్టు నోట్‌ఫైల్లోకి ఎక్కించుకోగలగాలి. ఆ ఉద్యోగి పని తేలికైతే మీ ఆధారం ఫైల్లోకి చేరినట్టే. పై ఆఫీసుకు ఇంగ్లీషు ప్రతి ఇచ్చినా, ఎంపీడీఓలకీ సర్పంచులకీ తెలుగులో విడిగా రాసివ్వాలి.

ఆరో మెట్టు: మనుషులు

కలెక్టర్లు, జేసీలు బదిలీ అవుతారు. ఒక్క ఉత్సాహవంతుడైన అధికారిని నమ్ముకుని రెండేళ్ల పని కట్టుకుంటే ఒక్క బదిలీ ఉత్తర్వుతో మళ్లీ మొదటికొస్తుంది. సూపరింటెండెంట్లు, గణాంక విభాగం ఉద్యోగులు, రేంజి ఆఫీసులో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు, వీళ్లతో పరిచయం నిలబడుతుంది. సంతకం వాళ్లది కాకపోవచ్చు, ఫైలు ఎక్కడాగిందో తెలిసేది వాళ్లకే.

శాఖకు ఇబ్బంది కలిగించే ఫలితం వస్తే అది వాళ్లకు మొదట మీ నోటి నుంచే తెలియాలి, పేపర్లో చూసి కాదు. దాన్ని ప్రచురించే హక్కును మాత్రం వదులుకోవద్దు. ఒప్పందం రాసుకునే రోజునే ఈ రెండూ అందులో ఉండాలి: ప్రచురణకు ఇన్ని రోజుల ముందు శాఖకు చూపిస్తాం, మార్చమంటే మార్చం. డేటా ఎవరిదో, వ్యక్తుల పేర్లు ఎలా దాస్తారో కూడా. డబ్బు ఒకే చోటి నుంచి వస్తుంటే, ముఖ్యంగా కంచెలో డ్రోన్లో అమ్మే కంపెనీ నుంచి వస్తుంటే, ఆ సంగతి మొదటి పేజీలోనే రాయండి.

ఏడో మెట్టు: అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టండి

అటవీ శాఖ, ఎస్‌పీడీసీఎల్, రెవెన్యూ, రైతులు, ట్రాకర్లు, ఒకరిద్దరు శాస్త్రవేత్తలు, అందరూ కలిసి 15, 20 మందికి మించకుండా. మూడు పేజీల కాగితం వారం ముందే పంపండి. విలేకరులు వద్దు, వీడియో వద్దు, ఎవరేమన్నారో బయటికి రాకూడదు. అప్పుడే అధికారి "మా దగ్గర దీనికి సిబ్బంది లేరు" అని నిజం చెప్పగలడు. శాలువాలు, జ్యోతి ప్రజ్వలన ఉన్న సభలో ఆ మాట రాదు. రైతులకు ముందు మాట్లాడే అవకాశమివ్వండి, ప్రొఫెసర్ల తర్వాత మైకిస్తే వాళ్లు నోరు విప్పరు.

ఎనిమిదో మెట్టు: కొన్ని మండలాల్లో ముందు, కొన్నిట్లో తర్వాత

ప్రభుత్వం ఎలాగూ ఏ పథకాన్నీ ఒకేరోజు అన్ని చోట్లా మొదలుపెట్టలేదు. ఆ క్రమాన్ని లాటరీతో నిర్ణయిస్తే ఎవరికీ అన్యాయం జరగకుండానే పోల్చి చూసే వీలు దొరుకుతుంది.

దీనికి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే గొప్ప ఉదాహరణ ఉంది. ఉపాధి హామీ కూలీ, పింఛన్లు వేలిముద్రతో ఇచ్చే స్మార్ట్‌కార్డుల్ని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ 8 జిల్లాల్లో, 157 మండలాల్లో పరీక్షించారు. ఏ మండలానికి ముందు రావాలో లాటరీ తేల్చింది. ఉపాధి కూలీ డబ్బు త్వరగా చేరిందని, మధ్యలో కారిపోయేది తగ్గిందని తేలింది. ఇక్కడ మనం నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది. 2013లో ప్రభుత్వం ఈ కార్డుల్ని దాదాపు ఎత్తేయబోయింది. మధ్యలో కారిపోయే డబ్బు తమకు అందకుండా ఆగినవాళ్ల ఫిర్యాదులు పై దాకా చేరుతున్నాయి. లాభపడ్డ కూలీలు, పింఛనుదార్ల మాట మాత్రం చేరడం లేదు. అప్పుడు సర్వేలో కార్డులు వాడుతున్నవాళ్లలో 90 శాతానికి పైగా కొత్త పద్ధతే కావాలన్నారన్న లెక్క, పథకం కొనసాగడానికి ఒక ముఖ్య కారణమైంది. పథకం పనిచేస్తోందన్న ఆధారం కన్నా, గొంతు లేనివాళ్ల మాటను లెక్కగా మార్చి సమయానికి బల్ల మీద పెట్టడం ఎక్కువ అక్కరకొచ్చింది.

అమలు చూడటానికి పెద్ద సర్వేలే అక్కర్లేదు. 2018లో తెలంగాణ రైతుబంధు చెక్కుల పంపిణీలో, రైతులకు ఫోన్ చేసి అడిగి పనితీరు కొలుస్తామని కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు ముందే చెప్పారు. ఆ మండలాల్లో పంపిణీ మెరుగైంది, ఖర్చు చాలా తక్కువ. ఏనుగుల పరిహారానికీ ఇది సరిపోతుంది. దరఖాస్తు పెట్టినవాళ్లకి నెలకోసారి ఫోన్ చేసి "డబ్బు వచ్చిందా, ఎన్ని రోజులకి, ఎవరికైనా ఏమైనా ఇచ్చుకోవాల్సి వచ్చిందా" అని అడిగితే చాలు.

తొమ్మిదో మెట్టు: జీవో వచ్చాక

జీవో వచ్చిన రోజున ఫొటోలు దిగి వదిలేసే సంస్థలే ఎక్కువ. జీవో కింద మార్గదర్శకాలు రావాలి, వాటి కింద సర్క్యులర్, ఆ కింద బడ్జెట్ విడుదల. వీటిలో ఏ ఒక్కటి ఆగినా పలమనేరు రైతుకి ఏమీ మారదు. ప్రతి మెట్టు దగ్గరా ఎవరి బల్ల మీద ఉందో రాసుకుంటూ వెళ్లండి.

మీ ఆధారం ఎలా వాడారన్నదీ నిజాయితీగా నమోదు చేయాలి. అమెరికా పండితురాలు కరోల్ వైస్ 1970ల్లోనే చూపించినట్టు, పరిశోధన నేరుగా నిర్ణయంగా మారేది కొన్నిసార్లే. ఎక్కువసార్లు అది ఆలోచించే తీరును మెల్లగా మారుస్తుంది. ఇంకొన్నిసార్లు ముందే తీసుకున్న నిర్ణయానికి ముసుగుగా వాడతారు. మూడోది జరిగినప్పుడు "మా నివేదిక చెప్పింది ఇది కాదు" అని రాతపూర్వకంగా శాఖకు చెప్పండి. మొదటిది జరిగితే మీ పేరు వెనక్కి పెట్టుకోండి. పేరు శాఖకు దక్కితే, తర్వాతిసారి వాళ్లే ఫోన్ చేస్తారు.

చివరి పని, ఎవరూ ఇష్టపడనిది: బదిలీ ఫైలు. ఏ నిర్ణయం ఏ ఆధారంతో జరిగింది, ఏ మండలాల్లో మొదలైంది, ఏది ఆగిపోయింది, తర్వాతి సమీక్ష ఎప్పుడు అన్న నాలుగైదు పేజీలు ఎప్పటికప్పుడు సరిచేసి ఉంచండి. కొత్త అధికారి చేరిన మొదటి వారంలో అభినందనల జనం తగ్గాక అపాయింట్‌మెంట్ తీసుకుని, బొకే లేకుండా ఆ ఫైలు ఇచ్చి రండి.